జైలు గోడల వెనుక ఆరోగ్యం

జైల్లో ఉన్నవారంతా నేరం రుజువైనవారేనని మనలో చాలామంది అనుకుంటాం. 2022 చివరికి మన దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. నూరు మందికి కట్టిన చోట 131 మంది ఉన్నారు.

ఇరుకులో పెరిగే జబ్బులు

క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. గాలి, వెలుతురు చాలని గదిలో ఒకరు దగ్గితే పక్కన పడుకున్నవారికి సోకుతుంది. బయటివారికంటే ఖైదీలలో క్షయ సుమారు పది రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విడుదలైన మనిషితోపాటు ఆ జబ్బు ఇంటికీ వస్తుంది. గజ్జి కూడా అంతే.

మొదటి రోజులు ముఖ్యం

అరెస్టయిన రోజే షుగరు, బి.పి., మూర్ఛ మందులు ఆగిపోవచ్చు. రోజూ ఎక్కువగా తాగేవారికి మద్యం ఒక్కసారిగా ఆగితే, రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణానికే ప్రమాదం. దిగులు, అవమానం కూడా ఈ రోజుల్లోనే మనిషిని కుంగదీస్తాయి. జైళ్లలో అసహజ మరణాలకు ముఖ్య కారణం ఆత్మహత్యే. ఇంటి దగ్గర కూలి ఆగిపోతుంది, పిల్లల చదువు దెబ్బతింటుంది, ములాఖత్ ప్రయాణాలకు అప్పులవుతాయి.

కుటుంబం చేయవలసినవి

1. జబ్బుల వివరాలు, మందుల చీటీ నకలు, తాగుడు అలవాటు ఉంటే ఆ సంగతి జైలు డాక్టరుకు వెంటనే తెలియజేయండి.

2. క్షయ మందులు సాధారణంగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో విడుదలైతే నిక్షయ్ నంబరు అడిగి తీసుకొని, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా కొనసాగించండి.

3. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. న్యాయ సేవల సంస్థ ఫోను నంబరు 15100.

4. త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమని 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలవుతున్న చట్టం ప్రకారం, ఇంతకుముందెన్నడూ శిక్ష పడనివారు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులు. ఇతరులకు సగం కాలం. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకూ, ఒకటికంటే ఎక్కువ కేసులున్నవారికీ ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు తెలియజేయవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుది.

జైలు నుండి వచ్చినవారు సిగ్గుపడి ఆసుపత్రికి రారు. మనమే వెళ్లి పలకరిద్దాం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయిద్దాం. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. దగ్గు సంగతి మనం చూడాలి.