పొలం గట్టున ఆకాశపు ఫొటో – ఏ ల్యాప్‌టాప్ తీసుకోవాలి?

పిల్లలూ! సూర్యాపేట నుంచి ఖమ్మం వెళ్లే దారిలో మోతె ఉంది. ఊరి దీపాలు దాటి పొలాల్లోకి నడిస్తే, డిసెంబరు రాత్రుల్లో ఆకాశం నిండా చుక్కలే. నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో నడినెత్తిన ఒక చుక్కల గుంపు కనిపిస్తుంది. మన పెద్దలు దాన్ని ‘పిల్లలకోడి’ అంటారు. అవే కృత్తికలు. వాటి చుట్టూ నీలిరంగు ధూళిమేఘం అలముకుని ఉంది. కంటికి కనబడని ఆ మేఘం కెమేరాకు చిక్కుతుంది. కెమేరాను నడిపేందుకు మీ బడి సైన్సు సంఘం ఒక ల్యాప్‌టాప్ కొనాలనుకుంటే, దేన్ని ఎంచుకోవాలి?

ముందు దాని పనేమిటో తెలుసుకుందాం. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతోంది. అందువల్ల చుక్కలు పడమటికి జరుగుతున్నట్లు కనిపిస్తాయి. దూరదర్శినిని మోసే యంత్రపీఠం వాటి వెంటే మెల్లగా తిరగాలి. పీఠం దారి తప్పకుండా చూడటం, రెండేసి నిమిషాల ఫొటోలు వరుసగా తీయించడం, వాటిని దాచిపెట్టడం – ఇవీ ల్యాప్‌టాప్ పనులు. ఇందుకు ‘నినా’, ‘కేస్టార్స్’ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

ఒక్క ఫొటో చాలదా? చాలదు. ప్రతి ఫొటోలోనూ ఇసుక చల్లినట్లు గరుకుదనం ఉంటుంది. ఎక్కువ ఫొటోలు తీసి సగటు కడితే అది తగ్గుతుంది. ఫొటోల సంఖ్య 4 రెట్లయితే గరుకుదనం సగమవుతుంది. 9 రెట్లయితే మూడో వంతవుతుంది. అంటే వర్గమూలం లెక్క అన్నమాట!

ఎనిమిది గంటలకు మొదలుపెట్టి పన్నెండు దాకా తీద్దామనుకోండి. 4 గంటలంటే 240 నిమిషాలు. రెండు నిమిషాలకొకటి చొప్పున 120 ఫొటోలు. పొలంలో కరెంటు ప్లగ్గు ఉండదు కదా! కాబట్టి మొదట చూడవలసింది బ్యాటరీ. బ్యాటరీలో ఉన్న శక్తిని వాట్-అవర్లలో చెబుతారు. దాన్ని ల్యాప్‌టాప్ వాడే వాట్లతో భాగిస్తే ఎన్ని గంటలు నడుస్తుందో వస్తుంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

ఒకటి: ఆటలు ఆడుకునే పెద్ద ల్యాప్‌టాప్. 60 వాట్-అవర్లు, వాడకం 30 వాట్లు. 2 గంటలు.

రెండు: తేలికైన చిన్న ల్యాప్‌టాప్. 50 వాట్-అవర్లు, వాడకం 10 వాట్లు. 5 గంటలు.

మూడు: చవకగా దొరికిన పాతది. బ్యాటరీ అరిగి 15 వాట్-అవర్లే మిగిలింది, వాడకం 15 వాట్లు. 1 గంట.

బ్యాటరీని అడుగంటా వాడకూడదు. ఐదో వంతు మిగుల్చుకున్నా రెండోది 4 గంటలు నడుస్తుంది. మనకు కావలసింది అంతే. మూడోది గంటసేపు నడిచినా 30 ఫొటోలే వస్తాయి. 120లో 30 నాలుగో వంతు. కాబట్టి గరుకుదనం రెట్టింపు! ఆ గరుకులో కృత్తికల నీలిమేఘం మరుగున పడిపోవచ్చు.

మరి పెద్ద ల్యాప్‌టాప్‌కున్న బలం అక్కరలేదా? లెక్క చూడండి. 2 కోట్ల 40 లక్షల చుక్కల కెమేరాలో ఒక్కో చుక్కకు 2 బైట్లు. అంటే ఫొటోకు 48 ఎంబీ. 120 ఫొటోలకు సుమారు 5.8 జీబీ. ఇంత దాచుకోవడానికి చిన్న యంత్రమైనా చాలు. సగటు కట్టే బరువు పనిని మర్నాడు బడిలోని కంప్యూటరు మీద చేసుకోవచ్చు.

కొనేముందు ఇవి కూడా చూడండి. కెమేరాకు, పీఠానికి, దారి చూసే రెండో కెమేరాకు కలిపి మూడు యూఎస్‌బీ రంధ్రాలు కావాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కు కన్నా ఎస్‌ఎస్‌డీ మేలు. అది కుదుపులకు తట్టుకుంటుంది. తెర వెలుతురు బాగా తగ్గాలి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది. తెల్లని వెలుగు ఒక్క క్షణంలో దాన్ని పోగొడుతుంది. అందుకే తెరమీద ఎర్రని పలుచని కాగితం కప్పుతారు. వరిపొలాల్లో మంచు ఎక్కువ. యంత్రాన్ని పక్కకు తెరిచిన అట్టపెట్టెలో ఉంచండి. గాలి ఆడే సందులు మాత్రం మూయకండి.

చీకటి కోసం ఇలా ఊరు దాటి వెళ్లడం కొత్తేమీ కాదు. హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాలవారు 1914 నుంచి గాజుపలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, లక్షల చుక్కల స్థానాలు లెక్కగట్టారు. నగరపు దీపాలు పెరిగాక, 48 అంగుళాల దూరదర్శినిని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ రంగాపూర్ మీదుగానూ, మన సూర్యాపేట ప్రాంతం మీదుగానూ సాగింది.

మీరే చేసి చూడండి: బడిలోని ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఛార్జి చేసి, తెర వెలుతురు తగ్గించి, ఎన్ని గంటలు నడుస్తుందో గడియారం పెట్టి రాయండి. అందులో ఐదో వంతు తీసేయండి. మిగిలిన సమయంలో రెండు నిమిషాల ఫొటోలు ఎన్ని వస్తాయి? ఒక్క ఫొటోతో పోలిస్తే గరుకుదనం ఎన్నో వంతుకు తగ్గుతుంది? ఆ లెక్క తేలాకే అంగడికి వెళ్లండి.