నలగడం, నూరడం, పిండడం: ఇంగ్లీషు మాటలకు మన ఇంటి కొలతలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్కనుంచి యూనివర్సిటీ చదువుకు వచ్చిన మనలో చాలామందికి ఇంగ్లీషంటే ఒక బెదురు ఉంది. మాటలు బొత్తిగా రాక కాదు. నాలుగైదు మాటలు ఒకే అర్థంగా కనబడితే ఏది ఎక్కడ వాడాలో తోచక. క్రష్, స్క్వాష్, మ్యాష్, గ్రైండ్, పౌండ్, స్క్వీజ్, ప్రెస్ - బజారు గైడు తిరగేస్తే వీటిలో సగానికి పైగా ‘నలుపుట, నలగగొట్టుట’ అనే ఉంటుంది. బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు గానీ ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ‘పల్లెటూరోళ్లం, మనకు భాష చాలదు’ అని మనమే తీర్మానం చేసుకుంటాము. ఆ తీర్మానం నిలవదని చూపడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

ఏ మాట ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోవాల. పని దేంతో జరుగుతున్నది? వస్తువు మెత్తనిదా, గట్టిదా? పని అయినాక మిగిలేదేమి? ఈ మూడూ తేలితే మాట దానంతటదే దొరుకుతుంది.

1919లో రవీంద్రనాథ టాగూరు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చింది మదనపల్లె థియసాఫికల్ కాలేజీలోనే. ఒక భాష నుంచి ఇంకో భాషకు దారి వేసిన ఆ ఊర్లోనే మన పాఠమూ మొదలుపెడదాం. అయితే కాలేజీలో కాదు, టమోటా మార్కెట్లో. కాయకు దెబ్బ తగిలి, తోలు చినగకుండా లోపల మెత్తబడితే ‘కమిలింది’ అంటాము. ఇంగ్లీషులో అది బ్రూజ్. అదే కాయ అడుగున పడి, పై బరువుకు చితికి రసం కారితే స్క్వాష్. మెత్తని వస్తువు రూపం చెడి అణగడం ఈ మాటకు గుర్తు. గుజ్జు కోసం యంత్రంలో వేసి పనిగట్టుకొని నలగగొడితే క్రష్. దీనికి బలం ముఖ్యం. వస్తువు మెత్తనిదైనా సరే, గట్టిదైనా సరే. కమిలిన కాయకూ చితికిన కాయకూ తేడా తెలియకుండా ఏ రైతూ గంప ఎత్తడు. ఆ తేడానే ఇంగ్లీషు వాడూ చెబుతున్నాడు.

ఇక పుంగనూరు పక్క ఏ ఇంటి వంటింట్లోకైనా పోదాం. రోట్లో ఎండుమిరపకాయలు వేసి రోకటితో పోటు మీద పోటు వేస్తే దంచడం, అనగా పౌండ్. ఉడికిన పప్పును గుత్తితో ఎనిపితే మ్యాష్. ఉడికి మెత్తబడి ఉండాల, చివరికి ముద్ద మిగలాల. రెండు గట్టివాటి నడుమ పెట్టి రాచి పిండిగానో ముద్దగానో చేస్తే గ్రైండ్. ఇక్కడ ఒక విశేషం గమనించండి. మనం రాగులు ఇసుర్రాయిలో విసురుతాము, దోసెపిండి రుబ్బుతాము, మసాలా బండమీద నూరుతాము, మిల్లుకు పోతే ఆడించుకొస్తాము. ఈ నాలుగు పనులకూ ఇంగ్లీషులో సాధారణంగా ఒక్క గ్రైండే దిక్కు. మరి భాష చాలనిది ఎవరికి?

అట్లని మనదే గొప్పని ఊరేగవద్దు. నిమ్మకాయను పిండుతాము, తడిబట్టను పిండుతాము, పొట్టి పుంగనూరు ఆవు దగ్గర కూర్చుని పాలూ పిండుతాము. ఇంగ్లీషులో నిమ్మకాయకు స్క్వీజ్. బట్టను మెలితిప్పి పిండితే రింగ్. ఆ మాటకు స్పెల్లింగులో ముందు డబ్ల్యూ ఉంటుంది, నోట పలకదు. ఆవుకైతే ‘పాలు’ అనే నామవాచకమే క్రియగా మారి మిల్క్ అవుతుంది. ఒక్కో భాష ఒక్కోచోట గీత గీసుకుంటుంది. ఆ గీతలు కనిపెట్టడమే భాష నేర్చుకోవడం.

కుప్పం గ్రానైటుకు పేరుపడిన చోటు. రాయిని కంకర చేసే యంత్రం క్రషర్. రోడ్డు రోలరు కింద ఖాళీ డబ్బా పడి రేకుబిళ్ల అయితే మాత్రం ఫ్లాటన్; డబ్బా ముక్కలు కాలేదు, ఎత్తు పోయి పరుచుకున్నదంతే. మూడు రాష్ట్రాలు కలిసే ఆ ప్రాంతంలో మన ‘పిండు’ కన్నడంలో ‘హిండు’గా, తమిళంలో ‘పిళి’గా వినబడుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ వెలిసిందంటే తగిన చోటే వెలిసింది.

మిగిలింది ప్రెస్. ఒత్తిడి పడుతుంది గానీ వస్తువు చెడదు: బెల్లు మీట నొక్కడం, చొక్కా ఇస్త్రీ చేయడం. తొలినాటి అచ్చుయంత్రం కాగితాన్ని సిరా పూసిన అక్షరాలమీద ఒత్తేది గనుక అచ్చాఫీసూ, పత్రికాలోకమూ ప్రెస్ అయినాయి. దీని సంతానం పెద్దది. లోపలిది బయటికి ఒత్తితే ఎక్స్‌ప్రెస్, కిందికి ఒత్తితే డిప్రెస్, మనుషులను అణగదొక్కితే అప్రెస్. సంస్కృతంలోనూ ఇదే కథ: ‘పీడ’కు మూలధాతువుకు ఒత్తు, పిండు అనే అర్థాలున్నాయి. ఫిజిక్సులో పీడనం, బతుకులో పీడించడం రెండూ అక్కడివే. గానుగలో చెరుకు నలిగినట్టే వడ్డీ కింద రైతు నలుగుతాడని ఏ భాష వాడికైనా తెలుసునన్నమాట.

ఇప్పుడు అసలు మనవి. మిక్సీ, గ్రైండరు వచ్చి మన ఆడవాళ్ల రెక్కల కష్టం తగ్గించినాయి, సంతోషం. కానీ విసరడం, నూరడం, రుబ్బడం మూడూ పోయి ‘మిక్సీ పట్టడం’ ఒక్కటే మిగులుతున్నది. ఇట్లాంటి పనిమాటలు చిన్నవని పెద్దలు అనుకోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు పల్లెపల్లెల వ్యవసాయ పదాలు సేకరింపజేయగా, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటంగా అచ్చువేసింది.

కనుక ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. అవ్వ దగ్గర కూర్చుని ఇట్లాంటి మాటలు ఒక ఇరవై రాసుకోండి: ఏ పనికి, ఏ పనిముట్టుతో, చివరికి ఏం మిగులుతుంది. కుడిపక్క ఇంగ్లీషు మాట రాయండి. మాట దొరకని చోట ఖాళీ వదలండి, సిగ్గుపడవద్దు. ఆ ఖాళీ మీది కాదు, ఆ భాషది. అవ్వకు తెలిసిన మాట మనకూ తెలిసి ఉంటే, ఇంగ్లీషు మాట దాని పక్కన వచ్చి కూర్చుంటుంది. అవ్వ మాటే పోతే, కొత్త మాటకు కూర్చునే పీట ఉండదు.