విచారణల కూడిక

ఒక పీఠాధిపతి పాలించు ప్రాంతమునకు మేత్రాసనమనియు, అందలి యొక్కొక్క విశ్వాసుల సంఘమునకు విచారణయనియు పేరు. విచారణకు సాధారణముగా నొక విచారణగురువుండును. గురువులును, పూజకు వచ్చువారును తగ్గిపోయినచో ఈ యేర్పాటు నిలుచుటెట్లు? అమెరికా, ఐరోపా ఖండములలోని పెక్కు మేత్రాసనములకు నేడిదియే చిక్కు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి సిన్సినాటి అగ్రపీఠమును చూడుడు. అచ్చట 2021లో ఒక ముసాయిదాను ప్రకటించి, విశ్వాసుల యభిప్రాయముల నడిగి, దానిని సవరించిరి. 2022 జూలై 1వ తేదీనుండి 200కు పైబడిన విచారణలు 57 కూటములైనవి. వీనికి విచారణల కుటుంబములని పేరు. కుటుంబమంతటికిని విచారణగురువొక్కడే. కాలక్రమమున నొక్కొక్క కుటుంబము ఒకే విచారణ కావలెనని వారి సంకల్పము.

ఇట్టి మార్పులలో మూడు వేర్వేరు కార్యములు గలవు. వీనిని ఒకటిగా నెంచుటవలన ప్రజలలో నిష్కారణమైన భయము కలుగును.

మొదటిది, కూర్చుట. గురువుల కొరతయున్నచో ఇరుగుపొరుగు విచారణలను కొన్నిటిని ఒకే గురువున కప్పగింపవచ్చునని 1983వ సంవత్సరపు శ్రీసభ ధర్మశాస్త్రము, 526వ సూత్రము చెప్పుచున్నది. అప్పుడు ప్రతి విచారణయు తన పేరును, ఆస్తిని నిలుపుకొనును.

రెండవది, కలుపుట. పలు విచారణలు ఒకటియగును. ఈ యధికారము పీఠాధిపతిదే. అయినను గురువుల సలహాసభ మాట వినకుండ చేయరాదని 515వ సూత్రము. ఆస్తులును బాధ్యతలును క్రొత్త విచారణకు చెందును. దాతల యుద్దేశమునకు మాత్రము భంగము రాగూడదు.

మూడవది, దేవాలయమును మూయుట. విచారణలు కలిసినంతమాత్రమున దేవాలయము మూతపడదు. దానిని లౌకికవినియోగమునకు విడువవలెనన్న, 1222వ సూత్రము ప్రకారము, వేరుగా బలమైన కారణముండవలెను. ఆత్మల క్షేమమునకు హాని కలుగరాదు.

కూటములను కోరువారి వాదము తేలికైనది కాదు. ఒకే గురువు ఆదివారమంతయు పరుగులిడి యలసిపోవుట, పట్టుమని పదిమంది లేని మందిరముల మరమ్మతులకే కానుకలు వ్యయమగుట మేలుకాదు. కాని, తాము జ్ఞానస్నానము పొందిన చోటు, తలిదండ్రుల నంపుకొన్న చోటు పరాయిదగునేమో యను దుఃఖమును తేలికైనది కాదు. బండి లేని ముదుసలి పొరుగూరి పూజకెట్లు పోవును? అర్ధరాత్రివేళ ఆసన్నమరణునియొద్దకు ఎవరు వత్తురు? కూటము మంచిదో కాదో ఈ ప్రశ్నలే తేల్చును. పటముమీది గీతలు తేల్చలేవు.

మన తెలుగు పల్లెలకు ఈ స్థితి క్రొత్త కాదు. ఒక గురువు పలు గ్రామములను చూచుకొనుట, ఆయన రాని దినములలో ఉపదేశి ప్రార్థన నడిపించుట మనమెఱిగినదే. మన మేత్రాసనముల గురువులు కొందఱు నేడు అమెరికా విచారణలలోను సేవచేయుచున్నారు. గురువు దూరముననున్నపుడు రోగిని చూచి, బాలురకు జపములు నేర్పి, మందిరము నూడ్చువారున్న సంఘము, ఏ కూటమున చేరినను చెదరదు. ఆ పని గురువుకొఱకు వేచియుండనక్కఱలేదు. మీలో ప్రతివాడును నేడే చేయగలడు.

ప్రశ్నలు
1. కూర్చుటకును కలుపుటకును గల భేదమేమి?
2. దేవాలయమును మూయుటకు వేరుగా కారణమెందుకు కావలయును?
3. మీ యూరిలో గురువు లేని ఆదివారమున ఎవరెవరు ఏయే పనులు చేయుదురో వ్రాయుడు.