పాత లారీ కొనవచ్చునా? సంఘ సభ్యులకు ఒక లెక్క పాఠము



గత దీపావళికి ముందు మా సంఘమున ఒక చిక్కు వచ్చినది. పార్సిలు లారీలో రావలసిన నూలు బేళ్లు పది దినములు ఆలస్యముగా చేరినవి. గిరాకీ గల రోజులలో 30 మగ్గములు నూలు లేక నిలిచిపోయినవి. నేసిన చీరకు మజూరీ గలదు గాని ఎదురుచూచిన దినమునకు లేదు గదా! ఆ పండుగకు కొందరు నేతగాండ్ర యిండ్లలోనే పిల్లలకు క్రొత్త బట్టలు లేకపోయినవి.

ఆ బాధలో ఉండగా ఒక పాత టాటా 1613 లారీ అమ్మకమునకు ఉన్నదని తెలిసినది. 25 ఏండ్ల బండి; ధర 3 లక్షలు. "మన లారీ మనకుంటే ఒకరి గడ్డము పట్టుకొన నక్కరలేదు" అని పడుచువారు పట్టుపట్టిరి. నిజము చెప్పవలెనన్న మేమును మోజుపడితిమి. బయానా ఇచ్చుటకు సిద్ధమైతిమి. అప్పుడు మా పెద్ద సభ్యులొకరు, "సెక్రటరీ బాబూ, అచ్చు చూడకుండా పడుగు పోస్తావా? మన నూలు బరువెంతో ముందు చెప్పు" అనిరి. ఆ ఒక్క ప్రశ్నయే ఈ పాఠమునకు మూలము.

మొదటిది, బరువు. మా సంఘమున నడుచు మగ్గములు 80. మగ్గమునకు నెలకు 12 చీరలు, చీరకు సుమారు అర కిలో నూలు. అనగా నెలకు 480 కిలోలు. చిలపల నూలు బేలు ఒకటికి సుమారు 181 కిలోలు గనుక మూడు బేళ్లు కూడ నిండవు. ఇక లారీ సంగతి. 1613 అనుటలో 16 అనునది బండితో కూడ మొత్తము బరువు 16 టన్నులని తెలుపును. బండి బరువు పోగా సుమారు 10 టన్నులు ఎత్తవచ్చును. ఆ లారీ ఒక్కసారి నిండవలెనన్న మా నూలు 20 నెలలు ప్రోగుచేయవలెను! అంబలి త్రాగేవానికి మీసాలెత్తేవాడొకడన్న సామెత మాకే తగిలినది.

రెండవది, ఖర్చు. పుస్తకము తీసి చూడగా రవాణాకు మేమిచ్చు కిరాయి నెలకు 6,000 రూపాయలు. భారీ వాహనపు లైసెన్సు గల డ్రైవరు అడిగిన జీతమే 15,000. బండి కదలినను కదలకున్నను ఆ జీతము తప్పదు. దానిపైన భీమా, పన్ను, ఆరు టైర్లు, రిపేర్లు. పాత బండి లీటరుకు 4 కిలోమీటర్లు నడచునని అనుకొన్నను, 300 కిలోమీటర్ల రాకపోకలకు 75 లీటర్ల డీజిలు కావలెను. కొన్న ధర ఒక్కసారి ఇచ్చునది. మేపు ఖర్చు ప్రతినెల ఇచ్చునది.

మూడవది, చట్టము. సరుకు బండికి ఎనిమిదేండ్లు దాటిన పిమ్మట ప్రతి సంవత్సరము ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు పొందవలెను. 15 ఏండ్లు దాటిన బండ్లకు ఈ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి చాల హెచ్చించిరి. కొనుటకు ముందే నేటి రేటును రవాణా కార్యాలయమున అడిగి వ్రాసుకొనవలెను. నేషనల్ పర్మిటుకు కూడ బండి వయస్సు పరిమితి గలదు. ఇది మనవంటి వారికి ముఖ్యము. బరంపురము నుండి దక్షిణముగా పోయిన ఇచ్ఛాపురము ఆంధ్రప్రదేశ్. షోలాపురము నుండి హైదరాబాదు పోవు త్రోవలో కర్ణాటక దాటవలెను. యానాము చుట్టును ఆంధ్రమే. రాష్ట్రము దాటలేని లారీ మనకెందుకు?

పాతకాలపు బండి గనుక 'వింటేజి' క్రింద రిజిస్టరు చేయించవచ్చునని ఒకరు సలహా ఇచ్చిరి. అది పొరపాటు. 2021 నాటి కేంద్ర నియమములలో ఆ పేరు 50 ఏండ్లు దాటిన సొంత వాడుక బండ్లకే చెల్లును. అట్టి దానిని వర్తకమునకు నడుపరాదు.

మరి పాత లారీ ఎవ్వరికిని పనికిరాదా? అట్లు అనము. నాలుగైదు సంఘములు కలిసి, పోవునప్పుడు బట్ట, వచ్చునప్పుడు నూలు, రంగులు నింపగలిగి, రాష్ట్రములోపలనే తిరుగు పని యున్నచో ఆలోచింపవచ్చును. అప్పుడు ఈ పరీక్షలు చేయుడు:

1. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించుడు. ముందే వేడిచేసి ఉంచిన బండిని నమ్మకుడు. విడువక నీలిపొగ వచ్చిన ఆయిలు కాలుచున్నదని గుర్తు.
2. చాసిస్‌కు పగుళ్లు, క్రొత్త వెల్డింగు అతుకులు ఉన్నవేమో సొంత మేస్త్రీచేత చూపించుడు. అమ్మువాని మేస్త్రీ వద్దు.
3. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో సరిచూడుడు.
4. ఫైనాన్సు అప్పు, పన్ను బకాయి, చలానులు తీరినవని కాగితము తీసుకొనుడు.
5. పరరాష్ట్రపు బండియైన అచ్చటి కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము తప్పనిసరి.

తుదకు మేము చేసినదేమి? లారీ కొనలేదు. మా అసలు లోటు బండి కాదు, నిలువ నూలు అని తెలిసినది. 3 లక్షలలో కొంత సొమ్ముతో ఒక నెలకు సరిపడు మూడు బేళ్లు గిడ్డంగిలో ఎప్పుడును ఉండునట్లు ఏర్పాటు చేసితిమి. ఒక బేలు విప్పగానే మరియొకటి తెప్పింతుము. పండుగ నెలలలో పొరుగు సంఘముతో కలిసి చిన్న బండి కిరాయికి మాట్లాడుకొందుము. ముందు ముందు కొనవలసివచ్చినను చిన్నదే చూతుము. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిటు అక్కరలేదు.

సర్వసభ్య సమావేశములో ఇద్దరు మాత్రము దీనికి ఒప్పుకొనలేదు. వారి మాటయు మినిట్సులో వ్రాసితిమి. సంఘపు సొమ్ము మగ్గము గుంటలో కూర్చున్నవారి చెమట. దానిని ఖర్చు పెట్టుటకు ముందు మీ సంఘములోను ఎవరైన ఒకరు, "మన నూలు బరువెంత?" అని అడుగుదురు గాక!