గోడ మీది భూగోళం

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో అపార్టుమెంట్లు పెరిగాయి. కొత్త ఇంట్లో చేరిన కుటుంబం హాలు గోడకు ఏదో ఒక పటం కోరుకోవడం సహజం. ప్రాణుల బొమ్మలు వద్దనుకునే ముస్లింలు పూలనో, కొండలనో, ఖుర్‌ఆన్ ఆయతుల అందమైన రాతనో ఎంచుకుంటారు. నల్లని ఆకాశంలో నీలంగా మెరిసే భూమి ఫోటోను కూడా ఈ మధ్య ఫ్రేము కట్టి అమ్ముతున్నారు. దీన్ని ఇంట్లో పెట్టుకోవచ్చా అని కొందరు సోదరులు మమ్మల్ని అడిగారు.

పెట్టుకోవచ్చు. బొమ్మలు గీసి పొట్టపోసుకునే ఒక వ్యక్తి వచ్చి అడిగితే హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి.), తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వాటిని గీసుకోమని చెప్పిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. భూమి ఫోటో ఆ కోవలోకే వస్తుంది. ఇంటికి బర్కత్ తెస్తుందనో, వాస్తుకు మంచిదనో తగిలిస్తే మాత్రం అది వేరే వ్యవహారం. శుభాశుభాలు అల్లాహ్ చేతిలోనివి, పటం చేతిలోనివి కావు.

ఏ గోడకు తగిలించాలన్నది కూడా చూసుకోవాలి. హజ్రత్ ఆయిషా (రజి.) ఇంట్లో ఒక పక్కకు బొమ్మల తెర ఉండేది. నమాజులో ఆ బొమ్మలు తమ కళ్ళముందు మెదులుతున్నాయని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) దాన్ని తీసేయమన్నారు. హైదరాబాదు నుంచి ఖిబ్లా పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. కాబట్టి మన ఇళ్ళలో పడమటి గోడను ఖాళీగా వదలడం మేలు. కాబా పటమైనా సరే, నమాజులో చూపును లాగేదైతే దాన్నీ మరో గోడకు మార్చుకోవాలి. చాలామంది ఈ సంగతి గమనించరు.

ఇక ఆ ఫోటో విషయం. ఇలాంటివి చాలా ఉన్నా అన్నిటికన్నా ప్రసిద్ధమైనది 1972 డిసెంబరు 7న అపోలో 17 నుంచి తీసినది. చంద్రుని వైపు బయలుదేరిన ముగ్గురు వ్యోమగాములు సెర్నన్, ఇవాన్స్, ష్మిట్ సుమారు 29 వేల కిలోమీటర్ల దూరం నుంచి మామూలు కెమెరాతోనే దాన్ని తీశారు. సూర్యుడు వారి వెనుక ఉండటంతో భూమి దాదాపు పూర్తిగా వెలుగులో కనిపించింది. ఆ తర్వాత చంద్రుని దగ్గరికి మనుషులు వెళ్ళడానికి 2026 దాకా పట్టింది. బటన్ నొక్కింది ఎవరన్నది మాత్రం తేలలేదు. ముగ్గురూ తామే అన్నారు!

అందులో ఆఫ్రికా ఖండమంతా కనిపిస్తుంది. కింద అంటార్కిటికా మంచు, పైన ఎర్ర సముద్రం, దాని పక్కన అరేబియా ద్వీపకల్పం. మక్కా ఉన్న హిజాజ్ నేల మీద మేఘాలు లేవు. మన దేశం కుడి అంచుకు జారిపోయింది. హైదరాబాదును అందులో గుర్తుపట్టలేము. అసలు ఫోటోలో దక్షిణ ధ్రువం పైన ఉంది. మనం అలవాటుపడిన పటాలకు సరిపోయేలా తర్వాత తిప్పి ముద్రించారు. అంటే 'పైన', 'కింద' అనేవి మనం పెట్టుకున్నవే. పుణ్యమంటే ముఖాలను తూర్పుకో పడమరకో తిప్పడం కాదని, విశ్వాసమూ, బంధువులకూ అనాథలకూ పేదలకూ ధనమివ్వడమూ, నమాజూ జకాతూ, మాట నిలుపుకోవడమూ పుణ్యమని సూరా బఖరా 177వ ఆయతు బోధిస్తుంది. ఆ ఆయతును ఈ ఫోటో ముందు కూర్చుని చదివి చూడండి.

భూమి గుండ్రమని ఖుర్‌ఆన్ ముందే చెప్పిందంటూ ఈ ఫోటోతో వాదానికి దిగేవారున్నారు. ఆ తొందర మాకు నచ్చదు. అల్లాహ్ వాక్కుకు కెమెరా సాక్ష్యం అవసరం లేదు. ముస్లిం పండితులు కూడా ఫోటో కోసం కాచుకుని కూర్చోలేదు. దాదాపు వెయ్యేళ్ళ క్రితం అల్ బిరూనీ పంజాబులోని నందనా కోట దగ్గర ఒక కొండ ఎత్తు కొలిచి, శిఖరం నుంచి దిగంతం ఎంత కిందికి వంగిందో చూసి భూమి వ్యాసార్థాన్ని లెక్కగట్టారు. ఆ లెక్క నేటి కొలతకు చాలా దగ్గరగా ఉంది. ఊళ్ళ స్థానాలు నిర్ణయించడంపై ఆయన ఒక గ్రంథమే రాశారు. గజ్నీ నుంచి ఖిబ్లా దిశను కచ్చితంగా కనుక్కోవడం దాని ఉద్దేశాల్లో ఒకటి. నమాజు కోసం భూమిని కొలిచిన సంప్రదాయం మనది. ఈనాడు మన ఉప్పల్ రోడ్డులోనే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. ఫోటోలో కనిపించని భూగర్భాన్ని, భూకంపాలను, అడుగున ఉన్న నీటిని అక్కడ అధ్యయనం చేస్తారు. భూమిలో సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని సూరా అన్‌కబూత్ ఆదేశిస్తోంది. మన పిల్లల్లో ఆ గేటు దాటి లోపలికి వెళ్ళాలనుకునేవారు ఎందరు?

ఆ ఫోటోలో మరో విషయం కూడా ఉంది. కుడివైపు పై అంచున తెల్లని మేఘాల సుడి ఒకటి కనిపిస్తుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది తుఫాను. ఫోటో తీయడానికి ఒక రోజుకు పైగా ముందు, డిసెంబరు 5, 6 తేదీల మధ్య రాత్రి, కడలూరు దగ్గర తీరం దాటింది. తమిళనాడులో ప్రాణాలు పోయాయి. మద్రాసులో వేలాది మంది నిలువనీడ కోల్పోయారు. గోడ మీద అదే తుఫాను దూదిపింజలా ఉంది.

దూరం నుంచి భూమి ఎంత అందంగా కనిపించినా అందులో మనిషి కనిపించడు. ఆకాశాల, భూమి సృష్టి గురించి ఆలోచించేవారిని సూరా ఆలి ఇమ్రాన్ (190, 191) ప్రశంసిస్తుంది. ఇదంతా వ్యర్థంగా పుట్టించబడలేదని గ్రహించి, నరకాగ్ని నుంచి కాపాడమని వారు ప్రభువును వేడుకుంటారు. అందాన్ని చూసిన కంటికి వెంటనే లెక్క అప్పగించవలసిన దినం గుర్తొచ్చిందన్నమాట. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఐదో అంతస్తు కిటికీలోంచి చూస్తే నాచారం పారిశ్రామికవాడ కూడా రేకుల కప్పుల వరసే. ఆ కప్పుల కింద పనిచేసేవారిలో ఇతర రాష్ట్రాల నుంచి కుటుంబాలను వదిలి వచ్చినవారున్నారు. వారిలో కొందరు జుమా నాడు మన పక్కనే సఫ్‌లో నిలబడతారు. సలాం తర్వాత వారి పేరు అడిగినవారు మనలో ఎందరో ఎవరికి వారే చూసుకోవాలి.

పటం కొన్నవారు పిల్లలకు మక్కా ఉన్న చోటును చూపిస్తారు. తుఫాను సుడిని కూడా చూపించి ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పండి. ఇక ధర సంగతి. నాసా తీసిన ఫోటోలకు సాధారణంగా కాపీరైటు ఉండదు. వారి సేకరణ నుంచి ఉచితంగా తీసుకుని దగ్గరలోని ప్రింటింగ్ షాపులో వేయించుకోవచ్చు. దుకాణంలో మనం చెల్లించేది కాగితానికి, అద్దానికి, ఫ్రేముకు, అమ్మినవారి లాభానికి.