గీత గోడను తాకినట్టేనా?

డ్రాయింగు హాల్లో టీ-స్క్వేరు పట్టుకొని నిలబడిన తరం వారికి గీతను పొడిగించడమంటే పెద్ద సమస్య కాదు. స్కేలు అలాగే ఉంచి పెన్సిలు ఇంకాస్త ముందుకు లాగితే సరి. వెంట్రుకవాసి దాటిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కారు. పైగా మూలల దగ్గర గీతలు ఒకదాన్నొకటి కొంచెం దాటి ఉంటే అదొక అందమని కొందరు ఆర్కిటెక్టులు కావాలనే అలా వేసేవారు. చూసేవాడు మనిషి గదా, గీత గోడను తాకిందని అతని కన్నే సర్దుకొని అర్థం చేసుకొనేది.

కంప్యూటరుకు ఆ సర్దుకొనే గుణం లేదు. దాని దృష్టిలో గీత అంటే రెండు చివరి బిందువులు, అంతే. ఆటోక్యాడ్‌లో ఒక గీతను మరో వస్తువు దాకా పొడిగించే ఎక్స్‌టెండ్ కమాండును గూర్చి ఇక్కడ నాలుగు మాటలు చెప్పదలిచాను. "ఇంత చిన్న కమాండుకు ఒక వ్యాసమా?" అని మూడో సంవత్సరం వారు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు నవ్వినవాడినే. ఆ కథ చివర్లో చెబుతాను.

సరళరేఖా ఖండాన్ని అదే రేఖలో ఎంతవరకైనా పొడిగించవచ్చునన్నది యూక్లిడ్ రెండవ స్వీకృతం. ఆటోక్యాడ్ 1982లో బయటికి వచ్చినా, ఎక్స్‌టెండ్ మాత్రం 1986 నాటి 2.5 వెర్షన్‌తో గాని రాలేదు. యూక్లిడ్ ఎక్కడిదాకా అని అడగలేదు. ఈ కమాండు అడుగుతుంది.

లోపల జరిగే లెక్క చూద్దాం. (1, 1) నుంచి (4, 3) వరకు ఒక గీత ఉంది. కుడివైపున (10, 0) నుంచి (10, 8) వరకు నిలువుగా ఒక గోడ ఉంది. గీత అడ్డంగా 3 జరిగితే నిలువుగా 2 లేస్తోంది. గోడను చేరాలంటే అడ్డంగా 9 జరగాలి, అంటే 3 రెట్లు. కాబట్టి నిలువుగా 6 లేస్తుంది. కొత్త చివర (10, 7). కంప్యూటరు చేసేదల్లా (4, 3)ను కొట్టేసి ఆ స్థానంలో (10, 7) రాసుకోవడమే. ఆ "3 రెట్లు" అన్న అంకె మీద దృష్టి పెట్టండి. అది 1 కన్న ఎక్కువైతే గీత ముందుకు సాగాలి. 0కు 1కి మధ్య ఉంటే గీత అప్పటికే గోడను దాటిపోయిందన్నమాట. అది ట్రిమ్ చేయవలసిన పని. 0 కన్న తక్కువైతే గోడ గీతకు వెనకాల ఉంది. ట్రిమ్, ఎక్స్‌టెండ్ రెండూ కవలలు కావడానికి కారణమిదే. ఎక్స్‌టెండ్‌లో ఉండగా షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుంటే అది ట్రిమ్‌గా మారిపోతుంది.

ఇప్పుడు ఆ గోడ (10, 5) దగ్గరే ఆగిపోయిందనుకోండి. గీత చేరవలసింది 7 ఎత్తుకు, అక్కడ గోడే లేదు. కమాండు మొరాయిస్తుంది. స్టాండర్డ్ పద్ధతిలో ఎడ్జ్ అనే ఐచ్ఛికాన్ని మార్చి, లేని గోడను ఉన్నట్టు ఊహించుకొని అక్కడిదాకా పొమ్మని చెప్పవచ్చు.

స్టాండర్డ్ పద్ధతిలో ముందు హద్దును ఎంచుకొని ఎంటర్ కొట్టాలి, తరువాత పొడిగించవలసిన గీతను పట్టుకోవాలి. మొదటిసారి కూర్చున్నవారు ఈ వరుస తారుమారు చేసి "పనిచేయడం లేదండీ" అంటారు. గీతను ఎటువైపు పట్టుకున్నామన్నది కూడా ముఖ్యమే. ఏ చివరకు దగ్గరగా నొక్కితే ఆ చివరే సాగుతుంది. 2021 వెర్షన్ నుంచి క్విక్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. అందులో హద్దును వేరే చెప్పనక్కరలేదు, బొమ్మలో ఉన్న ప్రతి వస్తువూ హద్దే. సుఖంగానే ఉంటుంది గాని, మీరు గోడ దాకా పొమ్మంటే గీత మధ్యలో ఉన్న అలమర దగ్గరే ఆగిపోవచ్చు. మళ్లీ నొక్కితే తరువాతి అడ్డు దాకా వెళుతుంది. చూసుకొని నొక్కాలి.

కంటితో చూసి కలిపేస్తే చాలదా అంటారేమో. లెక్క వేయండి. 20 మీటర్ల ప్లాను 1920 పిక్సెళ్ల తెర నిండా పరచుకుంటే ఒక్కో పిక్సెలు 10 మిల్లీమీటర్ల పైమాటే. 5 మిల్లీమీటర్ల సందు ఉన్నా తెరమీద కనిపించదు. 1:100లో ప్రింటు తీస్తే ఆ సందు 0.05 మిల్లీమీటరు, అంటే గీత మందంలోనే మునిగిపోతుంది. గది వైశాల్యం తీయబోయినప్పుడో, హ్యాచ్ నింపబోయినప్పుడో దొంగ బయటపడతాడు. సర్వే బొమ్మల్లో మరో చిక్కుంది. గీతలకు ఎత్తు అంకెలు కూడా ఉంటే, పైనుంచి చూసినప్పుడు రెండూ కలిసినట్టే ఉంటాయి. నిజానికి ఒకటి రెండోదాని మీదుగా పోతుంటుంది. ఎక్స్‌టెండ్ మామూలుగా ఆ ఎత్తును పట్టించుకోదు.

ఇక నా కథ. ఈ కళాశాల వదిలిన కొత్తలో ఒక చిన్న ఆఫీసులో ఇంటి ప్లాను గీశాను. 3 మీటర్ల గోడ గీత ఒకటి ఆర్థో వేసుకోకుండా చేతివాటంగా లాగాను. అది అర డిగ్రీ పక్కకు వాలింది. కనిపించలేదు. తరువాత ఆ గీతనే ఎక్స్‌టెండ్‌తో 12 మీటర్ల దూరం సాగదీసి ప్రహరీకి తాకించాను. పూర్తిగా తాకింది, వెంట్రుకవాసి సందు కూడా లేదు. ఎంత సంతోషించానో!

ముగ్గు పోసి, ఒక పక్క పునాది గుంట తవ్వడం కూడా అయ్యాక మేస్త్రి కబురు పెట్టాడు. వెళ్లేసరికి దారం కట్టి, మూలమట్టం పెట్టుకొని కూర్చున్నాడు. "సారూ, ఈ గది ఒక కొస పన్నెండడుగులు, రెండో కొస ఇంకో నాలుగంగుళాలు ఎక్కువొస్తోంది. మీ కాగితం చూసి కట్టమంటారా, మూలమట్టం చూసి కట్టమంటారా?" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాను. 12,000 మిల్లీమీటర్లను అర డిగ్రీ టాంజెంటుతో గుణిస్తే దాదాపు 105. నాలుగంగుళాల పైచిలుకు. 3 మీటర్ల దగ్గర అది 26 మిల్లీమీటర్లే. ఎక్స్‌టెండ్ తన పని తాను తప్పు లేకుండా చేసింది. దానికి ఇచ్చిన దిక్కు నాది. పొడవును సరిచేయమంటే సరిచేస్తుంది గాని, నువ్వు చూపిన దారి సరైనదేనా అని అడగదు. గుంట పూడ్చి మళ్లీ తవ్విన కూలి ఇంటాయన నెత్తిన పడింది. ఆయన నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటినుంచి ఏ గీతనైనా పొడిగించే ముందు లిస్ట్ కొట్టి దాని కోణం చూస్తాను. 90 ఉండవలసిన చోట 89.5 ఉంటే ఆ గీతను చెరిపేసి కొత్తది గీస్తాను. సాగదీయను.

మీకొక లెక్క ఇచ్చి సెలవు తీసుకుంటాను. (2, 6) నుంచి (5, 5) వరకు ఒక గీత. (0, 0) నుంచి (15, 0) వరకు ఒక గోడ. (5, 5) వైపు నొక్కి, గోడ దాకా పొడిగించండి. కంప్యూటరు ముందు కూర్చోకముందే, అది ఏం జవాబిస్తుందో కాగితం మీద వేసి చూసుకోండి.