బూచాడు ఎక్కడ పుడతాడు?



పిల్లవాడు అన్నం తినడు. "తినకపోతే బూచాడొచ్చి ఎత్తుకుపోతాడు" అంటాం. తింటాడు. మనం ఆ మాట మరిచిపోతాం, వాడు మరిచిపోడు. రాత్రి ఒంటికి వెళ్లాలన్నా అమ్మను లేపుతాడు.

పెద్దవాళ్లమూ అంతే. ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. రాత్రి ఆడదయ్యం తలుపు కొడుతుందని పుకారు. పక్కింటివాళ్లు రాశారని మనం రాశాం. మన తలుపు చూసి ఎదురింటివాళ్లు రాశారు. సుద్దముక్క మనది, చెయ్యి మనది.

నవ్వి వదిలేసే సంగతి కాదిది. 2018 మే నెలలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి, తెలంగాణలో అమాయకులను జనం కొట్టి చంపారు. తాళంచెవులు, కత్తులు పట్టుకొని ఊరూరా తిరిగే మనవాళ్లకు అలాంటి రోజులు ఎలా ఉంటాయో చెప్పక్కరలేదు. కొన్ని వీధుల్లో "అదిగో గడ్డమాయన, పట్టిస్తా" అని మనల్నే చూపించి పిల్లలకు అన్నం తినిపిస్తారు. వాళ్లింట్లో బూచాడు మనమే!

మరి మనమో? మన బస్తీలోనే ఒక బిడ్డకు జ్వరం వస్తే, చేతబడి అంటూ ఒంటరి ముసలమ్మ వైపు వేలు చూపించారు. తాయెత్తుల కోసం తిరగడంలో మూడు రోజులు పోయాయి. చివరికి ఆసుపత్రిలో డెంగీ అని తేలింది. బిడ్డ బతికాడు. ఆ ముసలమ్మ మాత్రం ఇప్పటికీ లంగర్‌లో వరుస చివరన ఒక్కతే కూర్చుంటుంది.

జనమ్‌సాఖీల్లో కౌడా కథ మీకు తెలుసు. మనుషుల్ని కడాయిలో వేయించి తినే రాక్షసుడని పేరు. మర్దానాను పట్టుకున్నాడు. గురు నానక్ దేవ్ జీ పారిపోలేదు, ఆయుధం పట్టలేదు. దగ్గరికి వెళ్లి ప్రేమగా మాట్లాడారు. అతడు భిల్లు తెగ మనిషని కొందరు పండితులంటారు. నాకూ అదే సబబుగా తోస్తుంది. అడవి మనిషికి రాక్షసుడని పేరు పెట్టింది భయపడ్డ జనమే అయ్యుంటారు.

మూల్ మంత్రంలో వాహిగురు "నిర్భౌ". మంత్రతంత్రాలను, శకునాలను నమ్మవద్దని సిక్కు రెహత్ మర్యాద స్పష్టంగా చెబుతుంది. కాబట్టి బిడ్డకు జ్వరమొస్తే అర్దాస్ చేయండి, ఆసుపత్రికీ తీసుకెళ్లండి. ఆ ముసలమ్మ పక్కన వచ్చే ఆదివారం మీరే కూర్చోండి.

ఇక ఇంట్లో పిల్లవాడు. బూచాడు లేడని మీరే చెప్పాలి, ఉన్నాడని చెప్పింది మీరే కదా. ఈ రాత్రి పక్కన కూర్చోబెట్టుకొని కీర్తన్ సోహిలా చదవండి. తర్వాత లైటు వాడిచేతే ఆర్పించండి.